అద్దె ఇళ్లు ఒకరికొకరు మార్చుకోవాలంటే ఏ నెలలో మారాలి?

మీరడిగింది ముందు నా మాటల్లో చెబుతాను, ఎక్కడైనా తప్పుంటే సరిదిద్దండి. మీరు హైదరాబాద్ కేపీహెచ్‌బీలో 22,000 అద్దెకు ఉంటున్నారు. మీవారి ఆఫీసు ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌కి మారింది. ఆయన స్నేహితుడి కుటుంబం మణికొండలో 28,000 అద్దెకు ఉంటోంది, ఆ ఇంటావిడ ఉద్యోగం బాలానగర్‌లో. రెండు కుటుంబాలూ రోజూ ఊరి ఈ చివర నుంచి ఆ చివరకు ఎదురుబొదురు తిరుగుతున్నాయి కాబట్టి ఇళ్లే మార్చేసుకుందామనుకున్నారు. మీ అగ్రిమెంటు జూన్ 30తో, వాళ్లది సెప్టెంబరు 30తో అయిపోతుంది. మీ బాబు నాలుగో తరగతి, వాళ్ల పాప యూకేజీ. మీ అత్తగారు ఆషాఢంలో మారడానికి వీల్లేదంటున్నారు. ఎప్పుడు మారితే అన్నీ కలిసొస్తాయి అని అడుగుతున్నారు.

నేను నిజాంపేటలో పధ్నాలుగేళ్లుగా అద్దె ఇళ్లు చూపిస్తున్నాను. ఇలా ఒకరి ఇంట్లోకి ఒకరు మారినవాళ్లు నా ఎరుకలో పది పన్నెండు కుటుంబాలుంటాయి. అందులో ఒకటి మాదే. (ఇలాంటి మార్పిడిలో మాకు కమీషన్ ముట్టదు, అందుకే ఏ బ్రోకరూ పనిగట్టుకుని మీకీ సంగతులు చెప్పడు.)

సూటిగా చెప్పాలంటే, ఈ 2026లో మీకు మే మొదటి పక్షం మంచిది, అంటే 16వ తేదీ లోపు. ఓనర్లలో ఒకరైనా అప్పటికి కుదరదంటే జూన్ 16 నుంచి 30 మధ్య. జూన్ 30 కూడా దాటేలా ఉంటే మార్పిడి సంగతి వదిలేసి, మీరు విడిగా ఇల్లు వెతుక్కోండి.

ఇక ఎందుకో చెబుతాను.

అందరూ ముందు పంచాంగం చూస్తారు, తర్వాత బడి, ఆ తర్వాత లారీ, చిట్టచివర ఓనరు. ఈ వరసే తలకిందులు. మామూలుగా ఇల్లు మారేటప్పుడు మీకు ఒక ఓనరుతో తెంచుకోవడం, ఇంకో ఓనరుతో కలుపుకోవడం ఉంటుంది, మధ్యలో వారం అటూ ఇటూ అయినా ఫరవాలేదు. మార్పిడిలో రెండు ఇళ్లూ ఒకేసారి ఖాళీ అవ్వాలి, ఒకేసారి నిండాలి. ఒక్క ఓనరు మొండికేసినా నలుగురి పనీ ఆగిపోతుంది. కాబట్టి మీ తేదీని నిర్ణయించేది రెండు అగ్రిమెంట్లలో ఏది గట్టిగా బిగించి ఉందో అది. మీ విషయంలో అది మణికొండ ఇంటిది.

లెక్క వేద్దాం. మన ఊళ్లో అగ్రిమెంట్లు మామూలుగా 11 నెలలకే రాస్తారు. సెప్టెంబరు 30తో ముగుస్తుందంటే వాళ్లు నవంబరు 1న దిగారన్నమాట. వాళ్ల కాగితంలో ఆరు నెలల లాకిన్, అంటే అన్నాళ్లలోపు ఖాళీ చేయకూడదన్న షరతు, ఉంటే అది ఏప్రిల్ 30తో తీరిపోతుంది. ఆ తర్వాత నోటీసు గడువు ఒక నెలో రెండు నెలలో. ఇక్కడే తిరకాసు. లాకిన్ నడుస్తుండగా నోటీసు ఇవ్వొచ్చా, లాకిన్ అయ్యాకే ఇవ్వాలా? కొందరు ఓనర్లు అయ్యాకే అంటారు. అప్పుడు మే 1న నోటీసు, రెండు నెలలు, జూన్ 30. చూశారా, సరిగ్గా మీ అగ్రిమెంటు ముగిసే రోజు! అందుకే జూన్ నెలాఖరును రెండో దారిగా చెప్పాను, అప్పటికి ఎవరి కాగితమూ మీరిన దోషం ఉండదు.

అయితే ఓనరుకు నోటీసు గడువు దేనికి? మధ్యలో ఇల్లు ఖాళీగా పడి ఉండకుండా. మీరు ఖాళీ చేసిన రోజే దిగడానికి మనిషి సిద్ధంగా ఉన్నప్పుడు ఆయనకు పోయేదేమీ లేదు. నేను చూసినవాళ్లలో సగానికి పైగా ఓనర్లు ఈ మాట చెబితే గడువు వదిలేశారు. ఒప్పుకోనివాళ్లకు వేరే కారణం ఉంటుంది: ఇల్లు అమ్మకానికి పెట్టి ఉంటారు, లేదా అమెరికాలో ఉన్న అబ్బాయి వస్తున్నాడని అనుకుంటూ ఉంటారు, లేదా పాత అద్దె తక్కువని లోపల గునుస్తుంటారు. ఈ మూడోది తెలుసుకోవడం ముఖ్యం. స్నేహితుడు 28,000 కడుతున్నాడు కదా అని మీకూ అదే వస్తుందనుకోవద్దు. అది ఆయన అద్దె. మీరు కొత్త మనిషి. 30,000 అనొచ్చు, మెయింటెనెన్స్ వేరే అనొచ్చు. మీ పాత ఇంట్లోకి దిగే వాళ్లకూ అంతే. ఓనర్ల నోటి నుంచి అద్దె ఎంతో వినకుండా మీరూ మీరూ తేదీ ఖాయం చేసుకోవద్దు.

ఓనర్లకు చెప్పకుండా తాళాలు మార్చుకోవడం మాత్రం చేయకండి. "అద్దె ఎవరి పేరున వాళ్లమే కట్టేస్తాం, ఇళ్లలో మాత్రం అటూ ఇటూ ఉంటాం, అగ్రిమెంట్లు అయ్యాక చూద్దాం" అని ఇద్దరు అబ్బాయిలు చేశారు, ప్రగతినగర్‌లో ఒకరు, మియాపూర్‌లో ఒకరు. నాలుగు నెలలు బాగానే గడిచింది. తర్వాత ప్రగతినగర్ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో బైకు పోయింది. పోలీసులు వాచ్‌మన్ దగ్గరున్న పుస్తకం తిరగేస్తే ఆ ఫ్లాట్‌లో ఉన్నవాడి పేరు అందులో లేదు, ఉన్న పేరుగలవాడు అక్కడ లేడు. దొంగతనంతో ఇద్దరికీ సంబంధం లేదు, అయినా రెండు రోజులు స్టేషను చుట్టూ తిరిగారు. ఓనరు వారంలో ఖాళీ చేయమన్నాడు, అడ్వాన్సులో సగమే చేతికొచ్చింది. అగ్రిమెంటులో "ఇతరులకు అద్దెకు ఇవ్వరాదు, అప్పగించరాదు" అనే వాక్యం దాదాపు ప్రతి దాంట్లోనూ ఉంటుంది. తాళం చేతులు మారిందంటే ఆ వాక్యం మీరినట్టే. సరైన పద్ధతి ఒకటే: ఇద్దరూ పాత అగ్రిమెంట్లు రద్దు చేసుకుని, ఇద్దరూ కొత్త అగ్రిమెంట్లు రాసుకోవడం.

అడ్వాన్సు దగ్గర ఇంకో చిక్కుంది, ఇది మార్పిడిలోనే వస్తుంది, మామూలుగా ఇల్లు మారేవాళ్లకు రాదు. మన ఊళ్లో ఓనర్లు పాతవాళ్ల అడ్వాన్సును తమ జేబులోంచి తీసి ఇవ్వరు, కొత్తవాళ్లు ఇచ్చింది తీసుకుని పాతవాళ్లకు ఇస్తారు. ఇప్పుడు చూడండి. మీ ఓనరు మీ డబ్బు ఇవ్వాలంటే మీ స్నేహితుడు అడ్వాన్సు ఇవ్వాలి. ఆయన ఇవ్వాలంటే ఆయన ఓనరు తిరిగివ్వాలి. ఆ ఓనరు ఇవ్వాలంటే మీరు కట్టాలి. మీరు కట్టాలంటే మీ ఓనరు ఇవ్వాలి. నలుగురూ గుండ్రంగా నిలబడి ఒకరి మొహం ఒకరు చూసుకుంటుంటారు. రెండు నెలల అద్దె చొప్పున మీకు రావాల్సింది 44,000, మీరు కట్టాల్సింది 56,000. ఎవరో ఒకరు పదిహేను రోజులపాటు చేతిలోంచి పెట్టుకోవాలి. అందుకని జీతాలు పడిన మొదటి వారం దాటకుండా ఈ లావాదేవీ పెట్టుకోండి. ఇరవయ్యో తేదీన మారదామనుకున్నవాళ్లు ఈఎంఐలన్నీ పోయాక అడ్వాన్సు కోసం చేబదులు తిరగడం చూశాను. పోనీ మీ అడ్వాన్సు వాళ్లకి, వాళ్లది మీకు అని మీరూ మీరూ చెల్లు వేసుకుంటే? వద్దు. రేపు ఓనరు గోడ మీద మేకుల కన్నాలకు డబ్బు కోసేస్తే, ఆ కన్నాలు ఎవరివన్న పంచాయితీ మీ ఇద్దరి మధ్య మిగులుతుంది.

అద్దె లెక్క మాత్రం తేలిక. మే 13న మారారనుకోండి. మే అద్దె ఎవరి పాత ఇంటికి వాళ్లు నిండు నెల కట్టేయండి, కొత్త ఇంటి అద్దె జూన్ 1 నుంచి. అప్పుడు మీరు 18 రోజులు 28,000 ఇంట్లో ఉండి 22,000 కట్టినట్టు. తేడా దాదాపు 3,500. అది స్నేహితుడికి ఇచ్చేయండి, ఆయన వద్దన్నా సరే. పాత ఖాతా మిగిలిన చోట స్నేహాలు చెడతాయి.

బడి సంగతి మీకే బాగా తెలుసు కాబట్టి తొందరగా చెబుతాను. మన బడులు ఏప్రిల్ 23 ప్రాంతంలో మూసి జూన్ 12న తెరుస్తారు. మే నెలలో మారితే పిల్లలకు కొత్త వీధి అలవాటవడానికి నెల దొరుకుతుంది. టీసీ సెలవులకు ముందే తీసుకోండి, వేసవిలో ఆఫీసు గుమాస్తా దొరకడం కష్టం. అన్నిటికన్నా ముందు, పాత బడివాళ్లు వచ్చే ఏటి ఫీజు మొదటి విడత ఇప్పుడే అడుగుతుంటారు. ఓనర్లు అవుననేదాకా అది కట్టకండి, కొత్త బడిలోనూ కట్టకండి. జూన్ చివర్లో మారాల్సి వస్తే బాబును 12 నుంచే మణికొండ వైపు బడిలో వేసి, ఆ రెండు వారాలు మీవారు ఆఫీసుకు వెళ్తూ దించడం కన్నా మార్గం లేదు. సాయంత్రం వాడు స్నేహితుడి ఇంట్లోనే, అంటే తన కాబోయే ఇంట్లోనే ఉంటాడు! అలా చేసినవాళ్లున్నారు.

ఇప్పుడు మీ అత్తగారి మాట. ఈ ఏడాది ఆవిడ అనుకుంటున్నదానికన్నా ఇంకొంచెం ఇరుకుంది. ఈసారి అధిక జ్యేష్ఠం వచ్చింది, మే 17 నుంచి జూన్ 15 దాకా. ఆ నెలంతా పెద్దవాళ్లు కొత్త పనేదీ మొదలుపెట్టనివ్వరు. అందుకే నేను మే 16 లోపు అన్నాను, లేదంటే జూన్ 16 తర్వాత అన్నాను. అధిక మాసం వల్ల ఆషాఢం ఆలస్యమై జులై 15 ప్రాంతంలో మొదలవుతుంది కాబట్టి జూన్ నెలాఖరు నిజ జ్యేష్ఠంలోనే పడుతుంది, దానికి ఆవిడ అడ్డు చెప్పరు. తిథి, వారం మీ సిద్ధాంతిగారి పని, నేను దూరను. 2023లో ఆషాఢం అయిన వెంటనే అధిక శ్రావణం వచ్చి, జూన్ 19 నుంచి ఆగస్టు 16 దాకా దాదాపు రెండు నెలలు ఇల్లు మారినవాళ్లు చాలా తక్కువ, నేను ఈగలు తోలుకుంటూ కూర్చున్నాను.

ఆ ఏడాదే ఒక ముచ్చట జరిగింది. బాచుపల్లి కుటుంబం ఒకటి, చందానగర్ కుటుంబం ఒకటి ఇళ్లు మార్చుకోవాలి. కాగితాల ప్రకారం ఆగస్టు 1. మంచిరోజులు జూన్ 18తో సరి. ఏం చేయాలి? చందానగర్ పెద్దావిడే దారి చెప్పింది. "గృహప్రవేశమా ఏమన్నానా, అద్దె ఇల్లే కదా, పాలు పొంగిస్తే దిగినట్టే" అంది. జూన్‌లో ఒక బుధవారం ఉదయం ఆరున్నరకు ఇద్దరు ఇల్లాళ్లూ ఒకరి వంటింటికి ఒకరు వెళ్లారు. నేను బాచుపల్లి ఇంట్లో ఉన్నాను. ఆ ఇంటి పొయ్యి మీద ఉన్న ఉప్మా గిన్నె దించి, గట్టు తుడిచి, పసుపు బొట్టు పెట్టి, వచ్చినావిడ తన వెంట తెచ్చుకున్న కొత్త గిన్నెలో పాలు పోసింది. వెనకాల ఆ ఇంటి పిల్లాడు బడికి టైమవుతోందని, బాక్సు కట్టమని గొడవ. పాలు తూర్పుకు పొంగాయి. ఆ పాలతోనే పరమాన్నం వండి, పిల్లాడి బాక్సులో కూడా ఒక గరిటె వేసి, ఆవిడ ఏడున్నరకు ఆటో ఎక్కింది. సామాను ఆగస్టు 1నే కదిలింది. మీ ఓనర్లు జూన్ అన్నా, మే నెలలోనే వైశాఖంలో ఒక మంచిరోజు చూసి మీరూ ఇలా చేసుకోవచ్చు. ఇల్లు ఇచ్చేవాళ్లు తెలిసినవాళ్లు కావడం వల్ల మార్పిడిలో ఉన్న వెసులుబాటు ఇది.

ఇంకో మాట, దీన్ని ఎవరూ పట్టించుకోరు. మారే కాలం వేరు, ఇల్లు చూసే కాలం వేరు. స్నేహితుడి ఇల్లే కదా, పది సార్లు వెళ్లాం, మళ్లీ చూసేదేముంది అనుకుంటున్నారేమో. భోజనానికి వెళ్లినప్పుడు హాల్లో కూర్చుంటాం, వచ్చేస్తాం. మేము మా ఆడపడుచు వాళ్లతో ఇల్లు మార్చుకున్నప్పుడు డిసెంబరులో వెళ్లి చూశాం. అయిదో అంతస్తు, పైన స్లాబే. చల్లగా, గాలిగా, చుట్టూ కనుచూపు మేర ఖాళీ. "అదృష్టవంతులం" అనుకున్నాం. మే నెలలో రాత్రి పదకొండుకు పంపు తిప్పితే వేడినీళ్లు వచ్చేవి, బకెట్లు పట్టి ఉంచుకుని తెల్లారి స్నానం చేసేవాళ్లం. పక్కమీద వీపు ఆనితే కాలేది. నా ఆడపడుచు అబద్ధం చెప్పలేదు, మేం అడగలేదు.

కాబట్టి ఏప్రిల్‌లో ఒకరోజు మధ్యాహ్నం మూడింటికి మణికొండ ఇంటికి వెళ్లి పడమటి గది గోడ మీద చెయ్యి పెట్టి చూడండి. ఆ వైపు వేసవిలో బోర్లు ఎండితే ట్యాంకర్ల మీదే నడుస్తుంది. అపార్ట్‌మెంట్ సెక్రటరీని "నిరుడు మే నెల మెయింటెనెన్స్ ఎంత వేశారు?" అని ఒక్క ప్రశ్న అడగండి. ట్యాంకర్ల ఖర్చంతా ఆ ఒక్క అంకెలో తెలిసిపోతుంది. వానాకాలం ఎలా ఉంటుందో ఇప్పుడు చూడలేరు, కానీ గుర్తులుంటాయి. సెల్లార్ గోడ మీద నీళ్లు నిలిచిన చార, బాత్రూమ్ అవతలి గోడకు ఉబ్బిన పెయింటు, అల్మరా వెనక బూజు వాసన. వాళ్లూ మీ ఇల్లు ఇలాగే చూడాలి, చూడమని మీరే చెప్పండి. దిగాక బయటపడితే నెపం మీ మీదకే వస్తుంది. అలాగే ఒక సోమవారం ఉదయం ఎనిమిదిన్నరకు మణికొండ ఇంటి నుంచి ఆఫీసు దాకా మీవారిని ఒకసారి వెళ్లి చూడమనండి. దూరం తక్కువే, అయినా ఆ రోడ్ల సంగతి తెలిసిందే కదా.

ఇక సామాను కదిపే రోజు. రెండు డీసీఎం వ్యాన్లు ఒకే ఉదయం మాట్లాడుకుని, అటు సామాను ఇటు, ఇటు సామాను అటు అని లెక్క వేస్తారు. కాగితం మీద బాగుంటుంది. నిజానికి మీ బీరువా దిగాలంటే వాళ్ల బీరువా లేచి ఉండాలి, లిఫ్టు ఒకటే, ఓనరు రంగులు వేయించాలంటాడు, గీజరు విప్పడానికి ప్లంబరు రాడు. మధ్యాహ్నం రెండింటికి రెండు కుటుంబాల మంచాలూ రెండు అపార్ట్‌మెంట్ల ముందు ఎండలో నిలబడి ఉంటాయి. దీనికి మందు మూడు రోజుల ఎడం. సామాను తక్కువున్న కుటుంబం ముందు ఖాళీ చేసి, వ్యాను ఆ రాత్రులు ఆపుకుని, అంటే హాల్టింగ్ కట్టి, లేదా సామాను ఒక గదిలో సర్ది తాళం వేసి, పిల్లల్ని తీసుకుని అమ్మమ్మగారి ఊరు పోవడమే. ఆ ఇంట్లో రంగులు, రిపేర్లు అయ్యాక రెండోవాళ్లు దిగుతారు. అప్పుడు ఆ రెండోవాళ్ల పాత ఇల్లు ఖాళీ అవుతుంది, ముందు ఖాళీ చేసినవాళ్లు అందులో దిగుతారు. మే నెల అని నేను పట్టుబట్టడానికి ఇదీ ఒక కారణం, సెలవుల్లో తప్ప పిల్లలతో మూడు రోజులు బయట ఉండటం కుదరదు. శనాదివారాలు, నెలాఖర్లు వ్యాను రేట్లు పెంచేస్తారు. కొన్ని అపార్ట్‌మెంట్లలో ఆదివారం సామాను కదపనివ్వరు, ముందే కనుక్కోండి.

రెండిళ్ల కరెంటు మీటర్లూ అదే రోజు ఫోనులో ఫొటో తీసుకోండి, తేదీ కనిపించేలా. మీలో ఎవరికైనా గృహజ్యోతి (ప్రభుత్వ ఉచిత కరెంటు పథకం) కింద సున్నా బిల్లు వస్తుంటే అది పాత ఇంటి సర్వీసు నంబరుకు ముడిపడి ఉంటుంది, కొత్త నంబరుకు మార్పించుకోవాలి. పన్ను మినహాయింపు కోసం హెచ్‌ఆర్‌ఏ (ఇంటద్దె భత్యం) చూపించేవాళ్లు ఈ ఏడాదికి ఇద్దరు ఓనర్ల రసీదులూ పెట్టాలి, ఏడాది అద్దె లక్ష దాటుతుంది కాబట్టి పాన్ నంబర్లు కూడా. మణికొండ ఓనరు పాన్ ఇవ్వనంటాడేమో కొత్త అగ్రిమెంటుకు ముందే అడగండి, దిగాక అడిగితే ఇవ్వడు. ఓటు మార్చుకోవడానికి ఫారం 8.

మార్చుకోకూడని సందర్భాలు కూడా చెప్పాలి. మీవారి ఆఫీసు ఈ చోట కనీసం రెండేళ్లు ఉంటుందని నమ్మకం లేకపోతే వద్దు. ఆ ఇంటావిడ ఉద్యోగం ఇంకా ప్రొబేషన్‌లో ఉంటే అది తీరేదాకా ఆగండి. ఒక కుటుంబంలో ఆవిడకు ఏడో నెల, "ఇప్పుడైతేనే తీరిక" అని మారారు, నేను వద్దన్నా వినలేదు. కొత్త ఇంటికీ ఆవిడ చూపించుకునే ఆసుపత్రికీ గంటన్నర దూరం. ఆఖరి రెండు నెలలు ఆవిడ పాత వీధిలోనే చుట్టాల ఇంట్లో ఉంది.

నచ్చకపోతే మళ్లీ మార్చుకోవచ్చా అని చివర్లో అడిగారు. లేదనే అనుకుని దిగండి. అప్పటికి ఇద్దరు ఓనర్లూ రెండు కొత్త లాకిన్‌లు రాయించుకుని ఉంటారు, పిల్లలు రెండు కొత్త బడుల్లో ఉంటారు.

ఈ వారంలోనే ఇద్దరూ మీ మీ ఓనర్ల దగ్గరకు వెళ్లండి, ఫోనులో కాదు, మనిషి ఎదురుగా. ఎదుటి కుటుంబాన్ని వెంటబెట్టుకుని వెళ్తే ఇంకా మంచిది, ఓనరుకు కొత్తవాళ్ల మొహం కనిపిస్తుంది. ఆయన సరేనంటే ఆ సాయంత్రమే వాట్సాప్‌లో "మే ఫలానా తేదీకి మేము ఖాళీ చేస్తున్నాం, ఫలానావారు దిగుతున్నారు, అద్దె ఇంత, అడ్వాన్సు తాళాలు ఇచ్చిన రోజే తిరిగిస్తామన్నారు" అని పంపి, అవునని ఆయన చేత రాయించుకోండి. తర్వాత స్టాంపు కాగితం. మీ ఇద్దరి అగ్రిమెంట్లలోనూ లాకిన్, నోటీసు గురించి రాసిన రెండు మూడు వాక్యాలు పేర్లు చెరిపేసి ఇక్కడ పెట్టండి. మే నెలకు దారి ఉందో, జూన్ దాకా ఆగాల్సిందేనో చూసి చెబుతాను.